మందు రాకముందే తప్పించుకున్న కణం

గుండ్రటి బరిలో ఒక మనిషి, ఒక సింహం. ఇద్దరి వేగమూ సమానం, ఇద్దరికీ అలుపు లేదు. బరి దాటి పోవడానికి వీల్లేదు. సింహం మనిషిని పట్టుకుంటుందా? రిచర్డ్ రాడో వేసిన ఈ చిక్కుప్రశ్నకు ‘పట్టుకుంటుంది’ అన్నదే జవాబని గణితవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 1950ల తొలినాళ్లలో కేంబ్రిడ్జిలో గణితవేత్త బెసికోవిచ్ దాన్ని తలకిందులు చేశాడు. మనిషి తననూ సింహాన్నీ కలిపే గీతకు లంబంగా, కేంద్రానికి దూరం కాని వైపు, కొంచెం దూరం తిన్నగా పరిగెత్తాలి. ఆగి, సింహం ఎక్కడుందో చూసి, మళ్లీ లంబంగా తిరగాలి. ఈ పరుగుల పొడవులు 1/2, 1/3, 1/4 నిష్పత్తిలో తగ్గుతూ పోవాలి. ఆ భిన్నాల మొత్తానికి అంతు లేదు కాబట్టి పరుగు ఎన్నటికీ ఆగదు. వాటి వర్గాల మొత్తానికి మాత్రం హద్దు ఉంది కాబట్టి మనిషి బరి అంచుకు చేరడు. సింహం ఎంత దగ్గరికి వచ్చినా అతన్ని తాకలేదు.

ఈ మనిషి శత్రువును చూస్తూ తప్పించుకుంటున్నాడు. ప్రకృతిలో చూపు అక్కర్లేని తప్పించుకోవడం కూడా ఉంది. యురేనియం-238 పరమాణు కేంద్రకంలోని ఆల్ఫా కణం చుట్టూ ఒక శక్తి గోడ ఉంటుంది. దాన్ని ఎక్కి దాటే బలం ఆ కణానికి లేదు. అయినా క్వాంటం నియమాల ప్రకారం గోడ అవతల కనిపించడానికి రవ్వంత అవకాశం ఉందని 1928లో జర్మనీలోని గాట్టింగెన్‌లో జార్జ్ గామోవ్ లెక్కగట్టాడు. ఆ అవకాశం ఎంత తక్కువంటే, యురేనియంలో సగం విచ్ఛిన్నం కావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. కానీ గ్రాము యురేనియంలో ఉన్న పరమాణువులు సుమారు రెండున్నర కోట్ల కోట్ల కోట్లు. అందుకే ఆ ఒక్క గ్రాము నుంచి సెకనుకు 12 వేలకు పైగా ఆల్ఫా కణాలు బయటపడుతూనే ఉంటాయి. ఏ కణం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఎన్ని వస్తాయో మాత్రం చెప్పవచ్చు.

మరి కేన్సర్ కణం మందును తప్పించుకునేది మొదటి పద్ధతిలోనా, రెండో పద్ధతిలోనా? ప్రాణాలు ఆధారపడిన ప్రశ్న ఇది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఈ పదార్థం కణ విభజనకు అడ్డుపడుతుంది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా అనే రక్త కేన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. అప్పటివరకూ ఆ జబ్బుకు మందన్నదే లేదు. ఆ తల్లిదండ్రులకు ఆ వారాలు ఎలాంటివో ఊహించవచ్చు. కానీ జబ్బు తిరగబెట్టింది. ఈసారి అదే మందుకు లొంగలేదు.

కణాలు మందును చూసి నేర్చుకున్నాయా? దీన్ని తేల్చగల పరీక్ష అప్పటికే బ్యాక్టీరియా మీద జరిగింది. అమెరికాలోని ఇండియానాలో జీవశాస్త్రవేత్త సాల్వడార్ లూరియా ఒక నృత్యసభలో సహోద్యోగి స్లాట్ మెషిన్ ఆడుతుంటే చూశాడు. ఎక్కువసార్లు ఏమీ రాదు, ఎప్పుడో ఒకసారి గుప్పెడు నాణేలు రాలతాయి. దాంతో ఆయనకు ఆలోచన తట్టింది. బ్యాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, తర్వాత వాటిని చంపే వైరస్‌కు అప్పగించాలి. వైరస్‌ను తాకాకే కొన్ని మారుతుంటే ప్రతి గొట్టంలోనూ బతికేవి ఇంచుమించు సమానంగా ఉండాలి. ముందే యాదృచ్ఛికంగా మారి ఉంటే లెక్క వేరు. తొలితరాల్లోనే మార్పు వచ్చిన గొట్టంలో దాని సంతానం వందల్లో ఉంటుంది, చాలా గొట్టాల్లో ఒక్కటీ ఉండదు. ఫలితం ఈ రెండో తీరుగానే వచ్చింది. దానికి గణితం సమకూర్చిన మాక్స్ డెల్‌బ్రూక్, గాట్టింగెన్‌లో చదువుకున్న భౌతికశాస్త్రవేత్త. ఇద్దరూ 1943లో ప్రచురించిన ఆ వ్యాసం నాకు జీవశాస్త్రంలోకెల్లా అందమైన ప్రయోగాల్లో ఒకటిగా తోస్తుంది.

1952లో లాయిడ్ లా అనే శాస్త్రవేత్త ఇదే పరీక్షను ఎలుకల లుకేమియా కణాలపై, సుబ్బారావు మందుల కుటుంబంతోనే చేశాడు. జవాబు మారలేదు. లొంగని కణాలు మందు రాకముందే ఉన్నాయి.

కేన్సర్ చూసి తప్పించుకునే సందర్భాలూ లేకపోలేదు. రోగనిరోధక టీ-కణం వదిలే ఇంటర్‌ఫెరాన్‌ను పసిగట్టి కొన్ని కేన్సర్ కణాలు పీడీ-ఎల్1 ప్రొటీన్‌ను పైకి తెస్తాయి, అది టీ-కణంపై ఉండే బ్రేకును నొక్కడంతో దాడి చల్లబడుతుంది. టీ-కణాలపై ఉండే ఇలాంటి బ్రేకుల మీద పనిచేసిన హోంజో, ఆలిసన్‌లకు 2018లో నోబెల్ దక్కింది. మందుల విషయంలో మాత్రం సంఖ్యాబలమే పెద్ద శత్రువు.

గ్రాము కణితిలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. ఒక మందుకు లొంగని కణం పది లక్షల్లో ఒకటి ఉంటుందనుకుంటే, వెయ్యి కణాలు అప్పటికే సిద్ధంగా ఉన్నట్టు. రెండు మందులకూ ఒకేసారి లొంగనిది లక్ష కోట్లలో ఒకటి. లుకేమియా బయటపడే నాటికి ఒంట్లో జబ్బు కణాలు కూడా ఇంచుమించు లక్ష కోట్లే, కాబట్టి రెండూ చాలవు. 1960ల తొలినాళ్లలో అమెరికాలో ఫ్రై, ఫ్రైరైక్ అనే వైద్యులు నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో ఒకటి అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్. నేడు సంపన్న దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియాలో పదిమందికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

తొలి నెల చికిత్సతో రక్తం, మూలుగ సూక్ష్మదర్శినిలో శుభ్రంగా కనిపించవచ్చు. అప్పటికీ ఒంట్లో వెయ్యి కోట్ల దాకా జబ్బు కణాలు మిగిలి ఉండవచ్చు. అందుకే జుట్టు మళ్లీ వచ్చి బడికి వెళుతున్న పిల్లలకు కూడా రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ ఇస్తారు. మొత్తం చికిత్స రెండేళ్లు దాటి సాగుతుంది. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని మధ్యలో మానేస్తే, మిగిలిన కణాలకు మళ్లీ లక్ష కోట్లయ్యే వ్యవధి దొరుకుతుంది.