కనుపాపల మధ్య దూరం: వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌లో లోతు ప్రత్యక్షం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రెండు కళ్ల సహాయంతో లోతు ఎలా తెలుస్తుందో వివరించగలుగుతారు.
• హెడ్‌సెట్‌లో కటకాల దూరానికీ, కెమెరాల దూరానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• మీ కనుపాపల మధ్య దూరాన్ని స్వయంగా కొలుచుకోగలుగుతారు.

1. ప్రస్తావన

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు చేతుల్లో చెరొక పెన్సిల్ పట్టుకుని, చేతులు చాచి, ఒక కన్ను మూసి, రెండు మొనలనూ ఎదురెదురుగా తాకించడానికి ప్రయత్నించండి. మొదటిసారి చాలామందికి గురి తప్పుతుంది. ఇప్పుడు రెండు కళ్లూ తెరిచి అదే పని చేయండి. ఎంత సులభమైందో గమనించారా? రెండో కన్ను ఇచ్చిన ఈ అదనపు సమాచారమే వర్చువల్ రియాలిటీ ఆటలకు ఆధారం.

హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే తలనొప్పి వచ్చి, "ఇది నా ఒంటికి పడదు" అని పక్కన పెట్టేసేవారు ఉంటారు. దానికి కారణాలు అనేకం. అయితే వాటిలో ఒకటి కొన్ని మిల్లీమీటర్ల తేడా మాత్రమే. దానిని సరిచేయవచ్చు కూడా.

2. లోతు ఎలా తెలుస్తుంది?

లోతును తెలిపే సూచకాలు రెండు రకాలు. ఒక కంటితోనే తెలిసేవి ఏకనేత్ర సూచకాలు. దగ్గరి వస్తువు దూరపు వస్తువును కప్పివేయడం, రైలు పట్టాలు దూరాన కలిసినట్లు కనిపించడం, తల కదిపినప్పుడు దగ్గరివి వేగంగానూ దూరపువి నెమ్మదిగానూ జరిగినట్లు అనిపించడం ఇందుకు ఉదాహరణలు.

రెండు కళ్లూ కలిస్తేనే తెలిసేవి ద్వినేత్ర సూచకాలు. మన కళ్లు కొంత ఎడంగా ఉండటం వల్ల ఒకే వస్తువు రెండు కళ్లలోనూ కొద్దిగా భిన్నమైన ప్రతిబింబాలను ఏర్పరుస్తుంది. ఈ తేడా నుంచి మెదడు లోతును నిర్మిస్తుంది. 1838లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్ అద్దాలతో చేసిన స్టీరియోస్కోప్ ద్వారా దీనిని నిరూపించాడు. రెండు చదునైన బొమ్మలను ఒక్కో కంటికి ఒక్కొక్కటిగా చూపితే, చూసేవారికి ఘనరూపం కనిపించింది. నేటి హెడ్‌సెట్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

వస్తువు దగ్గరైన కొద్దీ రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి. దీనిని అభిసరణం అంటారు. కనుపాపల మధ్య దూరం 63 మి.మీ. అనుకుందాం. 50 సెం.మీ. దూరంలోని వస్తువును చూసేటప్పుడు రెండు చూపుల మధ్య కోణం సుమారు 7.2 డిగ్రీలు. 5 మీటర్ల దూరానికి అది 0.72 డిగ్రీలే. అంటే ఈ సూచకం చేతికందే దూరంలో బలంగానూ, దూరం పెరిగిన కొద్దీ బలహీనంగానూ పనిచేస్తుంది. ఆటలో ఎదురుగా వచ్చే బంతిని పట్టుకునేటప్పుడు అమరిక తప్పు బాగా తెలిసి, దూరపు కొండలను చూసేటప్పుడు తెలియకపోవడానికి కారణం ఇదే.

3. హెడ్‌సెట్‌లోని రెండు దూరాలు

పెద్దవారిలో కనుపాపల మధ్య దూరం సగటున 63 మి.మీ. ఎక్కువమందిలో ఇది 50 నుంచి 75 మి.మీ. మధ్య ఉంటుంది. దీనినే ఐపీడీ అని పిలుస్తారు. హెడ్‌సెట్‌లో దీనితో సరిపోలవలసినవి రెండు.

మొదటిది, కటకాల మధ్య దూరం. కనుపాప కటకం మధ్యభాగానికి ఎదురుగా ఉన్నప్పుడే చిత్రం స్పష్టంగా ఉంటుంది. పక్కకు జరిగితే చిత్రం మసకబారుతుంది, అంచులు వంకరపోతాయి. రెండు చిత్రాలను ఒకటిగా కలపడానికి కంటి కండరాలు అదనంగా శ్రమిస్తాయి.

రెండవది, ఆటలోని రెండు ఊహా కెమెరాల మధ్య దూరం. ఇది సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఇది తప్పితే చిత్రం మసకబారదు, ప్రపంచం కొలత మారుతుంది. ఉదాహరణకు, మీ ఐపీడీ 60 మి.మీ., కెమెరాల దూరం 70 మి.మీ. అనుకోండి. 60ని 70తో భాగిస్తే 0.86 వస్తుంది. జ్యామితి ప్రకారం 2 మీటర్ల తలుపు సుమారు 1.7 మీటర్లదిగా కనిపించాలి. తలుపు ఎంత ఉంటుందో మెదడుకు ముందే తెలుసు కాబట్టి, అనుభవంలో తేడా ఇంతకన్నా తక్కువగా ఉండవచ్చు. కెమెరాలు మరీ ఎడమైతే ప్రపంచం బొమ్మరిల్లులాగా, మరీ దగ్గరైతే భారీగా అనిపిస్తుంది.

గుర్తుంచుకోండి: మసక కనిపిస్తే కటకాలను, కొలతలు తప్పుగా అనిపిస్తే కెమెరాల దూరాన్ని అనుమానించాలి. చాలా హెడ్‌సెట్‌లలో కటకాలను జరిపితే సాఫ్ట్‌వేర్ ఆ కొలతను చదివి కెమెరాలను కూడా సర్దుతుంది.

4. సగటుకు దూరంగా ఉన్నవారి మాటేమిటి?

2019 నాటి ఓకులస్ రిఫ్ట్ ఎస్‌లో కటకాలు కదలవు; సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే మార్చుకోవాలి. 2020 నాటి క్వెస్ట్ 2లో 58, 63, 68 మి.మీ. అనే మూడు స్థానాలు ఉన్నాయి. 2023 నాటి క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పి కావలసిన దూరానికి జరుపుకోవచ్చు.

స్త్రీల ఐపీడీ పురుషులకంటే సగటున సుమారు 2 మి.మీ. తక్కువ. కాబట్టి సగటు పురుషుని ముఖానికి తయారైన పరికరం ఎక్కువమంది స్త్రీలకు సరిపోకపోవచ్చు. వర్చువల్ రియాలిటీలో స్త్రీలకు తలతిప్పు, వికారం ఎక్కువని చాలాకాలం అనుకునేవారు. 2020లో కే స్టానీ, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనంలో ఈ తేడాకు ప్రధాన కారణం హెడ్‌సెట్ ఐపీడీకి అమరకపోవడమేనని తేలింది. సరిగా అమరినవారిలో స్త్రీ పురుషుల అనుభవం దాదాపు ఒకటే. లోపం శరీరానిదని తీర్మానించే ముందు పరికరాన్ని కొలిచి చూడాలన్నదే దీని పాఠం.

5. ఐపీడీ కొలుచుకునే పద్ధతి

1) అద్దానికి సుమారు 20 సెం.మీ. దూరంలో నిలబడి, మి.మీ. గుర్తులున్న స్కేలును కనుబొమల దగ్గర అడ్డంగా, వంకర లేకుండా పట్టుకోండి.
2) కుడి కన్ను మూసి, సున్నా గుర్తును ఎడమ కనుపాప మధ్యకు చేర్చండి.
3) తల, స్కేలు కదపకుండా ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరవండి. కుడి కనుపాప మధ్యకు ఎదురుగా ఉన్న సంఖ్యే మీ ఐపీడీ.
4) మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

కళ్లద్దాల దుకాణంలో కూడా దీనిని కొలుస్తారు. దూరపు చూపు కొలతనే అడగండి. దగ్గర చూపు కొలత కొన్ని మి.మీ. తక్కువగా ఉంటుంది. ఇంట్లో ఒకే హెడ్‌సెట్‌ను నలుగురు వాడితే, చేతులు మారినప్పుడల్లా అమరిక కూడా మార్చాలి.

6. అమరికతో తీరని సమస్యలు

హెడ్‌సెట్‌లో తెర కంటికి ఆనుకుని ఉన్నా, కటకాల వల్ల చిత్రం సాధారణంగా 1 నుంచి 2 మీటర్ల దూరంలో ఉన్నట్లు కన్ను సర్దుబాటు చేసుకుంటుంది. ఆటలోని వస్తువు ముక్కు దగ్గరకు వస్తే కళ్లు లోపలికి తిరుగుతాయి, కంటి సర్దుబాటు మాత్రం అదే దూరంలో నిలిచిపోతుంది. ఈ వైరుధ్యం ఐపీడీ సరిచేసినా పోదు. మధ్యమధ్య విరామం అవసరం. మెల్లకన్ను వంటి కారణాల వల్ల ద్వినేత్ర సూచకాలు అందనివారికి ఏ అమరికా ఆ లోతును ఇవ్వలేదు. అయినా తల కదలిక వంటి ఏకనేత్ర సూచకాలు వారికి తోడ్పడతాయి. సరైన అమరికలో కూడా ప్రతిదీ రెండుగా కనిపిస్తుంటే కంటి వైద్యుని సంప్రదించండి.

7. సారాంశం

లోతు తెరలో ఉండదు. రెండు కళ్ల చిత్రాల తేడా నుంచి మెదడు దానిని నిర్మిస్తుంది. ఆ తేడా మీ కళ్ల దూరానికి తగినట్లు ఉండాలంటే కటకాలు, కెమెరాలు రెండూ మీ ఐపీడీకి సరిపోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కటకాల దూరం తప్పినప్పుడు, కెమెరాల దూరం తప్పినప్పుడు కనిపించే లక్షణాలను పోల్చండి.
2. మీ ఐపీడీ 66 మి.మీ., కెమెరాల దూరం 60 మి.మీ. అయితే ఆటలోని 2 మీటర్ల తలుపు ఎంత ఎత్తుగా కనిపించాలి?
3. మీ ఇంట్లోని ముగ్గురి ఐపీడీ కొలిచి, 58, 63, 68 మి.మీ. స్థానాలలో ఎవరికి ఏది దగ్గరో పట్టికగా రాయండి.