కాళ్లు అందకపోతే బండి మనది కాదా? మీకు తెలుసా?

షోరూములో కొత్త బండి ఎక్కి కూర్చోగానే చుట్టూ ఉన్నవాళ్లు ముందు చూసేది పాదాల వంక. మడమలు నేలకు ఆనితే సరే. ఆనలేదా, "ఇది మీకు ఎత్తవుతుందండీ, అటు స్కూటర్లు చూడండి" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. మోటార్ సైకిల్ మీద ఎన్నాళ్లుగానో పెంచుకున్న ఆశను ఆ మాటతోనే అక్కడ వదిలేసి వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. బండి మనకు సరిపోతుందో లేదో ఆ ఒక్క చూపుతో తేలేది కాదు. దాని వెనక కొంత లెక్క ఉంది, కొంత మెళకువ ఉంది.

● మనం పొట్టి అనుకునేవాళ్లలో చాలామంది నిజానికి ఈ దేశపు సగటు మనుషులే. 200 దేశాల ప్రజల ఎత్తును పోల్చి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు 164.9 సెంటీమీటర్లు, స్త్రీలది 152.6 సెంటీమీటర్లు. అంటే మగవాళ్లు సుమారు 5 అడుగుల 5 అంగుళాలు, ఆడవాళ్లు 5 అడుగులు. అదే నెదర్లాండ్స్ మగవాళ్ల సగటు 182.5 సెంటీమీటర్లు, ఇంచుమించు ఆరడుగులు.

గజ్జ నుంచి నేల దాకా ఉండే కాలి పొడవు మనిషి ఎత్తులో సుమారు 45 శాతం. ఆ లెక్కన 5 అడుగుల స్త్రీకి కాలి పొడవు 68, 69 సెంటీమీటర్లు. మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, అంటే 78.5 సెంటీమీటర్లు. దాదాపు 10 సెంటీమీటర్ల తేడా! కాగితం మీద చూస్తే ఆమెకు ఆ బండి అందనే అందదు. కానీ అంత ఎత్తున్నవాళ్లు దాన్ని నడపగలరు, నడుపుతున్నారు కూడా. ఎలాగో తెలియాలంటే ఆ 10 సెంటీమీటర్లు ఎటు పోతాయో చూడాలి.

● బ్రోషర్లో అచ్చువేసే సీటు ఎత్తు సాధారణంగా ఖాళీ బండిది. నేల నుంచి సీటులో బాగా పల్లంగా ఉన్న చోటికి కొలుస్తారు. మనిషి కూర్చోగానే స్ప్రింగులు కుంగుతాయి, సీటు స్పాంజి అణుగుతుంది. రోజూ తిరిగే మామూలు బండి కూడా రెండు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. కొండదారుల కోసం చేసిన బండ్లు ఇంకా ఎక్కువ దిగుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సస్పెన్షన్ ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల మేర ఆడుతుంది. అలాంటి బండి మనిషి బరువుకు అందులో పావు వంతో, మూడో వంతో కుంగేలా అమర్చుకోవడం పద్ధతి. అందుకే దూరం నుంచి చూసి బెదిరిపోయే ఎత్తు, ఎక్కి కూర్చున్నాక కాస్త మెత్తబడుతుంది.

హార్లే డేవిడ్‌సన్ వాళ్లు రెండు అంకెలూ ఇస్తారు. ఒకటి ఖాళీ బండి సీటు ఎత్తు, రెండోది 180 పౌండ్ల మనిషి, అంటే దాదాపు 82 కిలోల మనిషి, కూర్చున్నప్పటి ఎత్తు. ప్రతి కంపెనీ ఇలా ఇస్తే ఎంత మేలో!

● తేలికైన మనిషికి బండి తక్కువ కుంగుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు చాలాసార్లు బరువులోనూ తక్కువే కాబట్టి దెబ్బ రెండువైపులా పడుతుంది. కాలు పొడవూ చాలదు, బండీ దిగదు. దీనికి పైసా ఖర్చులేని ఉపాయం వెనక షాక్ అబ్జార్బర్లలోనే ఉంది. స్ప్లెండర్ లాంటి బండ్లకు స్ప్రింగు బిగువును 5 మెట్లలో మార్చుకోవచ్చు. మెకానిక్‌ను అడిగితే స్పానరుతో రెండు నిమిషాల్లో అన్నిటికన్నా వదులు మెట్టుకు తిప్పుతాడు. వెనక ఎవరినైనా ఎక్కించుకుని దూరం వెళ్లేటప్పుడు మాత్రం తిరిగి బిగించుకోవాలి. లేకపోతే గుంతల్లో బండి అడుగంటా కుంగి దడదడలాడుతుంది.

● సీటు ఎత్తుకంటే సీటు వెడల్పు ఎక్కువ మోసం చేస్తుంది. గోడకు నిటారుగా చేరేసిన నిచ్చెన ఎంత ఎత్తు అందుకుంటుంది? కింది కొస ఇవతలికి లాగితే ఎంత అందుకుంటుంది? మన కాలు కూడా ఆ నిచ్చెన లాంటిదే. 70 సెంటీమీటర్ల కాలు నిటారు నుంచి 15 డిగ్రీలు పక్కకు వాలితే నేల వైపు 67.6 సెంటీమీటర్లు అందుకుంటుంది. 30 డిగ్రీలు వాలితే 60.6 మాత్రమే. సీటు లావుగా ఉన్నందుకే 7 సెంటీమీటర్లు పోయాయన్నమాట.

పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ 100 సంగతి చూడండి. దాని సీటు ఎత్తు 787 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ కంటే వెంట్రుకవాసి ఎక్కువే. అయినా దాన్ని చూసి 'అమ్మో, ఎత్తు' అన్నవాళ్లను నేను చూడలేదు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ట్యాంకు అడ్డం ఉండదు కాబట్టి, ఆపగానే ముందుకు జారి రెండు పాదాల మీదా నిలబడిపోవచ్చు. బరువూ 90 కిలోల లోపే. లుంగీ కట్టిన తాతయ్య, చీర కట్టిన అత్తమ్మ ఇద్దరూ నడపగలుగుతున్నారంటే ఆ అమరిక గొప్పతనమే.

ఈ వెడల్పు సంగతి తెలిసిన బీఎండబ్ల్యూ వాళ్లు సీటు ఎత్తుతో పాటు ఇంకో కొలత కూడా ప్రకటిస్తారు. ఒక పాదం దగ్గర నేల నుంచి మొదలుపెట్టి, సీటు మీదుగా, రెండో పాదం దగ్గర నేల వరకు టేపు వేస్తే వచ్చే మొత్తం పొడవు అది. కాలు అందుతుందో లేదో చెప్పడానికి ఇంతకంటే నిజాయితీ గల కొలత లేదు.

● ఏ బండి ఎంత ఎత్తు? బజాజ్ అవెంజర్ 737 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో సూపర్ మీటియర్ 650 అయితే 740, మీటియర్ 350 అయితే 765, హంటర్ 350 అయితే 790, క్లాసిక్ 350 అయితే 805. హిమాలయన్ 450 మామూలు సీటుతో 825, కంపెనీవాళ్లే అమ్మే తక్కువ ఎత్తు సీటుతో 805. హీరో ఎక్స్‌పల్స్ 200 ప్రో ఏకంగా 891. సూపర్ మీటియర్ సీటు తక్కువే కానీ బండి బరువు దాదాపు 240 కిలోలు. కాలు అందింది కదా అని కొంటే, పార్కింగులో వెనక్కి నెట్టేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. ఎత్తూ బరువూ కలిపి చూడాలి.

● రెండు పాదాలూ ఆనాలన్న నియమం ఎక్కడా లేదు. ఒక పాదం చాలు. ఆగే ముందు తుంటిని సీటు మీద ఎడమవైపుకు కొద్దిగా జరిపితే ఎడమ కాలు 4, 5 సెంటీమీటర్లు అదనంగా దిగుతుంది. బండి కూడా అటు ఓ రవ్వంత వాలుతుంది కాబట్టి పాదం ఇంకాస్త గట్టిగా ఆనుతుంది. కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంటుంది కనుక ఎత్తుపల్లాల్లో బండి జారిపోదు. ఇదీ ఆ 10 సెంటీమీటర్ల లెక్క: బండి కుంగినది కొంత, చెప్పు అడుగు కొంత, మడమ ఎత్తి మునివేళ్ల మీద నిలిచినది కొంత, తుంటి జరిపినది కొంత. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్లు ఊరికే అనలేదు.

పాత బుల్లెట్లకు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండేవి. వాటి మీద చెయ్యి తిరిగినవాళ్లు ఆగితే కుడికాలు దించేవారు. ఇప్పటి బండి ఎక్కినా కొందరికి ఆ అలవాటు పోదు.

● మన రోడ్డు కూడా పొట్టివాళ్లతో ఆడుకుంటుంది. వాన నీళ్లు నిలవకుండా రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమపక్కన వెళ్తాం. అంటే ఎడమ పాదం కింద నేల ఎప్పుడూ కాస్త లోతుగానే ఉంటుంది. తారు అంచు దిగి మట్టిలో ఆపితే ఇంకా లోతు. బండి పడిపోయిన సందర్భాలు గుర్తు చేసుకోండి. వేగంగా వెళ్తున్నప్పటివి కావు, ఆగబోతూ కాలు పెట్టిన చోట గుంత దొరికినవే ఎక్కువ. కాబట్టి ఆపే చోటును పది గజాల ముందే ఎంచుకోవాలి. ఫుట్‌పాత్ గట్టు పక్కన ఆపితే ఎడమకాలు దాని మీద హాయిగా ఆనుతుంది. ఇది డ్రైవింగ్ నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పాల్సిన పాఠం. చెప్పేవాళ్లు తక్కువ.

● ప్రపంచంలో అత్యంత వేగమైన బండ్లను 160 సెంటీమీటర్లకు మించని మనిషి నడిపి గెలిచాడు. స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా 125 సీసీ తరగతిలో 2003లో, 250 సీసీలో 2004, 2005లో ప్రపంచ ఛాంపియన్. ఆ తర్వాత హోండా మీద అన్నిటికన్నా పై తరగతి అయిన మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. అదే దేశానికి చెందిన ఆనా కరాస్కో ఎత్తు సుమారు 155 సెంటీమీటర్లు. 2018లో కవాసాకీ మీద సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ టైటిల్ సాధించింది. సోలో మోటార్ సైకిల్ రోడ్డు రేసింగులో ప్రపంచ ఛాంపియన్ అయిన మొట్టమొదటి మహిళ ఆమే. మన ఇళ్లలో "నీకెందుకమ్మా అంత బండి" అన్న మాట వచ్చినప్పుడు ఈ పేరు చెప్పండి.

● 2018లో హైదరాబాద్ నుంచి జయభారతి, పియా బహదూర్‌లతో పాటు మరో ఇద్దరు మహిళలు బజాజ్ డొమినార్ బండ్ల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. సుమారు 17,000 కిలోమీటర్లు. డొమినార్ 400 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. జయభారతి నెలకొల్పిన 'మోవో' సంస్థ హైదరాబాద్‌లో ఆడవాళ్లకు బండి నడపడం నేర్పుతోంది.

● సీటు కోయించడం మంచిదే, సస్పెన్షన్ లింకులు మార్పించే ముందు మాత్రం ఆలోచించాలి. హైదరాబాద్‌లో కోఠి దగ్గరి పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల సీటు కుట్టేవాళ్లు స్పాంజి తగ్గించి, కొత్త కవరు వేసి ఇస్తారు. మందం ఒక్కటే తగ్గించమనకండి. ట్యాంకు దగ్గర సీటు రెండు అంచులనూ చెక్కించండి. పైన చెప్పిన నిచ్చెన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. స్పాంజి మరీ పలచనైతే యాభై కిలోమీటర్లకే నడుం పట్టేస్తుంది.

వెనక సస్పెన్షన్ లింకులు మార్చి బండినే దించితే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వెనక భాగం ఒక్కటే దిగితే హెడ్‌లైట్ ఆకాశం వైపు చూస్తుంది, హ్యాండిల్ మందకొడిగా తిరుగుతుంది. సైడ్ స్టాండు పొడవు ఎక్కువైపోయి బండి నిటారుగా నిలబడి, చిన్న తోపుకే అవతలికి పడిపోతుంది. మన వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసే స్పీడ్ బ్రేకర్లకు ఇంజిన్ అడుగు తగులుతుంది. తప్పదనుకుంటే బండి ముందు భాగాన్ని కూడా తగినంత దించాలి, స్టాండు కోయించాలి, హెడ్‌లైట్ సరిచేయించాలి. నా మాట అడిగితే ముందు కంపెనీ తక్కువ ఎత్తు సీటు, తర్వాత స్పాంజి, లింకులు ఆఖరున.

● ఆగినప్పుడు తనంతట తానే కిందికి దిగే బండ్లు వచ్చేశాయి. 2021లో వచ్చిన హార్లే పాన్ అమెరికాలో ఒక మోడల్‌కు ఈ ఏర్పాటు పెట్టించుకునే వీలు కల్పించారు. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్‌కు ఈ ఏర్పాటు పెట్టించుకుంటే, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంలో సీటు 850 నుంచి 820 మిల్లీమీటర్లకు దిగుతుంది, 50 దాటాక మళ్లీ లేస్తుంది. లక్షల ఖరీదు బండ్లవి. ఈ ఏర్పాటు ఏనాటికైనా మామూలు బండికీ రావాలి.

● జర్మనీకి చెందిన డేటోనా కంపెనీ పొట్టి రైడర్ల కోసమే లోపల ఎత్తు దాచిన బూట్లు చేస్తుంది. బయటికి మామూలు రైడింగ్ బూట్లలాగే కనిపిస్తాయి. అవి దొరక్కపోయినా, మందమైన అడుగున్న గట్టి బూట్లు రెండు సెంటీమీటర్లు కలిపిస్తాయి. హవాయి చెప్పులతో నడిపితే ఆ ఎత్తూ రాదు, పట్టూ ఉండదు.

● లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలో. 17 లీటర్ల ట్యాంకు నిండితే 12 కిలోలకు పైగా బరువు బండిలో బాగా పైభాగాన చేరుతుంది. తల మీద మూట ఉన్నవాడు తూలితే నిలదొక్కుకోవడం ఎంత కష్టమో, ఇదీ అంతే. కొత్త బండి అలవాటయ్యేదాకా సగం ట్యాంకుతో తిరగండి.

● చేతులకూ కొలత ఉంటుంది. క్లచ్, బ్రేకు లివర్లు వేళ్లకు దూరంగా ఉంటే కాలు అందినా బండి మన అదుపులో ఉండదు. చాలా బండ్లలో ఈ లివర్ల దూరాన్నీ, గేరు పెడల్ ఎత్తునూ సర్దుకోవచ్చు. సర్వీసుకు ఇచ్చినప్పుడు అడిగితే చాలు.

● మీ కాలి పొడవు ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సైకిల్ సీటు తగిలినట్టు పైకి నొక్కి పట్టండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిలుతో గీత గీసి, నేల నుంచి కొలవండి. ఆ అంకె రాసిపెట్టుకోండి.

తర్వాత రోజూ వేసుకునే బూట్లతోనే షోరూముకు వెళ్లండి. స్టాండు తీసి, బండిని నిటారుగా నిలిపి కూర్చోండి. ముందుకు జరిగి చూడండి, తుంటి పక్కకు జరిపి ఒక కాలు దించి చూడండి, దిగి వెనక్కి నెట్టి చూడండి. టెస్ట్ రైడ్ ఇవ్వమని అడగండి, కనీసం నాలుగుసార్లు ఆపి మళ్లీ కదిలించండి. అప్పటిదాకా "ఇది మీకు ఎత్తండీ" అన్న మాటను ఎవరన్నా సరే ఒప్పుకోకండి.