తీగ తొడుగు కథ

జి.కొండూరునుండి విజయవాడకు పోవు త్రోవలో, కొండపల్లి ఇబ్రహీంపట్నముల నడుమ, మింటి నంటు పొగగొట్టములతో నిలిచియున్న తాపవిద్యుత్కేంద్రము 1979లో తన తొలి యంత్రమును నడపినది మొదలు, ఆ ప్రాంతపు జనులకు విద్యుత్తు పుట్టు చోటు కన్నులయెదుటనే కానవచ్చుచున్నది. అది వచ్చి చేరు చోటు, అనగా పెంకుటింటి అటకమీద చెక్కపట్టీ వెంబడి సాగిపోవు తీగ, మాత్రము ఏండ్లతరబడి ఎవరి కంటను పడదు. పాత గంగాళములకును ఊరగాయ జాడీలకును వెనుక అది ఏ స్థితిలో నున్నదో ఎఱిగిన గృహస్థుడు అరుదు. దాని చేటును గ్రహింపవలెనన్న దాని పుట్టుకను తెలిసికొనవలెను. ఏలయన ఇంటిని కాపాడునది ఆ తీగలోని రాగి కాదు, రాగిపైనున్న తొడుగు.

రాగిలో విద్యుత్తును నడుపుట శాస్త్రజ్ఞులకు పెద్ద కష్టము కాలేదు. దానిని రాగిలోనే నిలిపియుంచుటయే కష్టమైనది. తంతివార్తల తొలిదినములలో నూలు చుట్టిన తీగలు తడి తగిలినంతనే పనికిమాలి పోవుచుండగా, మలయా అడవులలోని ఒక చెట్టుపాలనుండి లభించు గట్టాపర్చా యను పదార్థమును 1847లో జర్మనీయందు వెర్నర్ సీమెన్స్ తీగలకు తొడిగి చూచెను. నీటి అడుగున, చీకటిలో అది చిరకాలము నిలిచినందువలననే సముద్రగర్భపు తంతితీగలు సాధ్యమయ్యెను. గాలియు ఎండయు తగులు చోట మాత్రము అది ఎండి పొడియై రాలును. అంతకుమునుపే అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, గంధకముతో కలిపి కాచిన రబ్బరు వేసవికి జిగురెక్కక, చలికి పెళుసెక్కక నిలుచునని కనుగొని 1844లో పేటెంటు పొందెను. 1882లో న్యూయార్కునందలి పెర్ల్ వీధి విద్యుత్కేంద్రమును ఆరంభించినప్పుడు ఎడిసన్ రాగికడ్డీలను ఇనుపగొట్టములలో నుంచి వీధులక్రింద పూడ్పించెను గాని, ఇంటిలోపల మూలమూలకు వంపు తిరుగవలసిన తీగకు దిక్కైనది రబ్బరే.

పాత ఇండ్లలో నేటికిని అచ్చటచ్చట మిగిలియున్న ఆ రబ్బరు తీగను, మెయిను కట్టి విడదీసిన పిమ్మట, ఒక జానెడు కోసి చూచినచో నాటివారి శ్రద్ధ విశదమగును. పైన మైనము పట్టించిన నూలు అల్లిక, దానిక్రింద నల్లని రబ్బరు, నడుమ రాగి. ఆ రాగియైనను ఎఱ్ఱగా నుండక తెల్లగా మెఱయును. రబ్బరులోని గంధకము రాగిని తినివేయకుండుటకై దానికి తగరపు పూత పూసిరి. ఇంత జాగ్రత్తతో చేసినదానికిని ఆయుర్దాయము కలదు. రోహిణికార్తెలో రోళ్లు పగులునని మనవారందురు. ఆ యెండకు కాగిన పెంకులక్రింద, గాలి ఆడని అటకమీద, ప్రాణవాయువు రబ్బరును ఏటేట గట్టిపఱచుచు రాగా, ఒకనాడు మెత్తగా వంగిన తొడుగు నేడు వ్రేలితో వంచినంతనే పెళపెళ విఱిగి రాలును. కదలింపనంతకాలము చెక్కుచెదరనట్లే కనబడును. క్రొత్త ఫ్యాను కొఱకు ఎవరో ఒక్కమారు లాగినప్పుడే అసలు సంగతి బయటపడును.

రబ్బరు స్థానమున వచ్చినది పీవీసీ. 1872లో జర్మను రసాయనజ్ఞుడు యూజెన్ బౌమన్ కంటబడిన ఈ గట్టి పదార్థమును 1926లో అమెరికాలో వాల్డో సీమన్ మెత్తని సాగుడు వస్తువుగా మార్చెను. 1942లో జపాను సేనలు మలయాను ఆక్రమింపగా రబ్బరు కరవై, దీని వాడుక త్వరితముగా పెరిగెను. ఇది రబ్బరువలె పగులదు, సులభముగా మంట నందుకొనదు. కాని సాధారణమైన పీవీసీ తీగ 70 డిగ్రీల వేడికే లెక్క కట్టబడినది. ఎలుకలకు ఇది అడ్డు కానే కాదు. ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక, వానిని అరగదీసికొనుటకై అది దొరకిన దానినెల్ల కొరుకును.

తీగ పూర్తిగా తెగినచో దీపమారును, లోపము తెలియును. సగము చెడిన తీగయే ప్రమాదకరము. వదులైన ఒక ముడియొద్ద 5 ఆంపియర్లు ప్రవహించునప్పుడు 2 వోల్టులు నష్టమైనచో, గోరంత చోట 10 వాట్ల వేడి ఎడతెగక పుట్టుచుండును. ఆ వేడికి తొడుగు మాడి బొగ్గగును. బొగ్గు విద్యుత్తునకు త్రోవ యిచ్చును. ఆ త్రోవలో నిప్పురవ్వ లేచును. రాగి ప్రియమైన కాలమున మనదేశమున విరివిగా వేసిన అల్యూమినియము తీగలయందు ఈ బాధ మఱింత యెక్కువ, ఏలయన ఆ లోహము బిగింపు క్రింద క్రమముగా నలిగి సడలును, గాలి తగిలినంతనే దానిపై విద్యుత్తును సాగనీయని పొర కట్టును.

ఇంత జరుగుచున్నను ఫ్యూజు కాలదు. అది అధికప్రవాహమును మాత్రమే కనిపెట్టును; ఆ ముడి గుండ పోవునది లెక్కకు లోబడిన 5 ఆంపియర్లే. 1924లో జర్మనీయందు హ్యూగో స్టోట్జ్ సిద్ధపఱచిన, ప్రవాహము మితిమీఱినప్పుడు తనంతట తెగు ఎమ్‌సీబీ యను మీటకును ఇదే పరిమితి. 1961లో అమెరికాలో చార్లెస్ డాల్జీల్ రూపొందించిన యంత్రమును, దాని కోవకు చెందిన మన ఆర్‌సీసీబీయును వేఱొక పని చేయును: పోయిన విద్యుత్తునకును మరలి వచ్చినదానికిని నిర్ణీతమైన కొద్దిపాటి భేదము (మన యిండ్ల ఆర్‌సీసీబీలో సాధారణముగా 30 మిల్లీఆంపియర్లు) కలిగినచో, కొఱత పడినది ఎవరి దేహము గుండనో నేలకు పోవుచున్నదని భావించి ప్రవాహమును తెంచును. మనుష్యుని కాపాడుటకు దీనిని మించిన సాధనము నేడు ఇంటింటికి అందుబాటులో లేదని నా దృఢవిశ్వాసము. అయినను వదులుముడి వేడిని ఇదియు పసిగట్టలేదు.

కావున చెడిన తీగకు టేపు చుట్టి ఊరకుండుట మరమ్మతు కాదు. మెయిను కట్టుడు, ఇంట ఇన్వర్టరున్నచో దానిని గూడ ఆపుడు; ఆపకున్న మెయిను కట్టిన తరువాతను తీగలో ప్రాణముండును. కొరికిన ముక్కనే గాక ఒక పెట్టెనుండి మఱియొక పెట్టెవఱకు తీగ నంతటిని తీయించి, గొట్టములో క్రొత్తది వేయించి, అతుకులను మూతగల పెట్టెలలోనే యుంచుడు. పిమ్మట విద్యుత్తునకు తొడుగు ఇచ్చు అడ్డును కొలుచు మెగ్గరుతో 500 వోల్టుల పరీక్ష చేయించి, తొడుగు ఎన్ని మెగోములు నిలిచినదో వ్రాయించుకొనుడు. తొలకరి చినుకు పెంకుల సందులనుండి అటకమీదికి దిగకమునుపే, లైసెన్సుగల పనివానిచేత ఈ పని చేయింపుడు.