బండలో గ్యాస్ ఎంత మిగిలింది? యాత్రకు బయలుదేరే ముందే తూకం వేయండి

ఉగాది వస్తోందంటే మన మాన్వి దారుల్లో శ్రీశైలం పాదయాత్రికులు కనిపిస్తారు. ఉత్తర కర్ణాటక నుంచి మల్లన్న దర్శనానికి నడిచి వెళ్లే ఈ భక్తుల్లో కన్నడిగులే ఎక్కువ. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి క్యాంపుల్లో స్థిరపడిన మన కుటుంబాల వాళ్లు కూడా వారితో కలిసి నడుస్తున్నారు. నడిచేవాళ్ల వెనకాల ఒక ట్రాక్టరో, మినీ లారీయో వస్తుంది. బియ్యం, పప్పు, గుండిగలు, పొయ్యి, గ్యాస్ బండ అన్నీ అందులోనే. ఒక్క మాటలో చెప్పాలంటే అది చక్రాల మీద వంటిల్లు.

ఒక ఏడాది మా బృందానికి ఇలాంటి బండిలోనే గట్టి పాఠం దొరికింది. మూడో రాత్రి పప్పు సగం ఉడికేసరికి మంట తగ్గిపోయింది. బండ అయిపోవచ్చిందనుకుని మాలో ఒకరు దాన్ని పక్కకు పడుకోబెట్టారు. క్షణంలో మంట మనిషి ఎత్తుకు లేచింది. పక్కనే ఉన్న పెద్దాయన రెగ్యులేటర్ కట్టేయబట్టి సరిపోయింది, లేకపోతే పైన కట్టిన టార్పాలిన్ అంటుకునేదే. నిండుగా ఉందనుకుని ఇంటి నుంచి తెచ్చిన రెండో బండ సగమే ఉందని ఆ తర్వాత తేలింది. ఆ రాత్రి అందరం అటుకులు తిని పడుకున్నాం. అప్పటి నుంచి బండను తూచకుండా బండి ఎక్కించడం మానేశాం. ఆ లెక్క ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. యాత్రకే కాదు, ఇంట్లోనూ పనికొస్తుంది.

మంటను చూసి ఎందుకు చెప్పలేం?

బండలో ఉన్నది గాలి రూపంలో ఉన్న గ్యాస్ ఒక్కటే కాదు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం అడుగున ఉంటుంది, దాని ఆవిరి పైన ఉంటుంది. పొయ్యికి వచ్చేది ఆ ఆవిరే. ఆవిరి వాడుకున్న కొద్దీ ద్రవం మళ్లీ ఆవిరవుతూ ఆ ఖాళీని నింపుతుంది. అందుకే బండ నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా లోపలి పీడనం దాదాపు ఒకేలా ఉంటుంది. ద్రవం పూర్తిగా అయిపోయాకే పీడనం పడిపోతుంది. అంటే మంట మనకు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది.

కొన్నిసార్లు మంట అబద్ధం కూడా చెబుతుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఇంటి పొయ్యికి కావలసిన ఆవిరి నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. వంటవాళ్ల పెద్ద పొయ్యికి ఒకేసారి ఎక్కువ ఆవిరి లాగితే బండ చల్లబడుతుంది, పైన చెమ్మ పడుతుంది, పీడనం తగ్గి మంట నీరసిస్తుంది. లోపల గ్యాస్ ఉన్నా అయిపోయినట్టే కనిపిస్తుంది. ఆ రాత్రి మాకు జరిగింది ఇదే. కాసేపు పొయ్యి ఆపితే బండ మళ్లీ కోలుకుంటుంది.

రెగ్యులేటర్ దగ్గర బిగించే, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల ముల్లు మీటర్లు కూడా అమ్ముతున్నారు. అవి చూపేది పీడనాన్ని. పీడనం ఎండ వేడిని బట్టి మారుతుంది, మిగిలిన గ్యాస్‌ను బట్టి కాదు. మన రాయచూరు ఎండల్లో దాదాపు ఖాళీ అయిన బండ దగ్గర కూడా ముల్లు ఆకుపచ్చలోనే నిలబడగలదు.

బస్తా లెక్కే బండ లెక్క

వడ్లు అమ్మిన వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. కాటా మీద బస్తా పెట్టి, గోతాం బరువు తీసేస్తే గింజల బరువు వస్తుంది. బండకూ అంతే. ఖాళీ బండ బరువు దాని మీదే, పైన పట్టుకునే వలయం కింద ఉండే పట్టీల మీద రాసి ఉంటుంది. ఒక్కో బండకు ఒక్కో బరువు ఉంటుంది కాబట్టి పక్కింటి బండ అంకెతో లెక్క వేయకూడదు.

ఉదాహరణకు బండ మీద 15.6 కిలోలు అని ఉందనుకుందాం. ఇంటి బండలో నింపే గ్యాస్ 14.2 కిలోలు. రెండూ కలిపితే 29.8. కొత్త బండ కాటా మీద ఇంత తూగాలి. వాడుతున్న బండ 19.8 తూగితే, 15.6 తీసేయగా 4.2 కిలోల గ్యాస్ మిగిలినట్టు. తూచేటప్పుడు రెగ్యులేటర్, గొట్టం తీసేసి, సేఫ్టీ మూత బిగించి తూచాలి. ధాన్యం కాటా గానీ, వేలాడదీసే చేతి కాటా గానీ సరిపోతుంది.

బండ ఇంటికి తెచ్చినప్పుడే తూచి చూపించమని అడగడం మన హక్కు. మొహమాటపడాల్సిన పని లేదు. సీలు చూడండి, తూకం చూడండి, పరీక్ష గడువు కూడా చూడండి. గడువు అక్షరం, అంకెలతో ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. పక్కన ఉన్న అంకెలు సంవత్సరం. బి 27 అని ఉంటే 2027 జూన్ వరకు అని అర్థం. గడువు దాటిన బండను తీసుకోకండి.

కాటా లేనప్పుడు

తడిగుడ్డ పద్ధతి మన అమ్మలకు తెలిసిందే. బండను పైనుంచి కిందికి తడిగుడ్డతో తుడిచి కొన్ని నిమిషాలు ఆగితే, ద్రవం లేని పై భాగం త్వరగా ఆరుతుంది, ద్రవం ఉన్న కింది భాగం తడిగానే ఉంటుంది. ద్రవం అంత తేలిగ్గా వేడెక్కదు కాబట్టి అక్కడ చెమ్మ నిలుస్తుంది. ఆ గీత దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో ఏ భాగమూ సరిగా ఆరదు, అప్పుడు ఈ పద్ధతి పనిచేయదు. ఇది అందాజుకు మాత్రమే, యాత్రకు సరిపడా ఉందో లేదో తేల్చడానికి కాటానే కావాలి.

ఇండేన్ 10 కిలోలు, 5 కిలోల కాంపోజిట్ బండలు కూడా ఇస్తోంది. అవి తేలికగా ఉంటాయి, వెలుతురులో లోపలి ద్రవం మట్టం కంటికే కనిపిస్తుంది. విదేశాల్లో ఇల్లులాంటి బండ్లలో తిరిగేవాళ్లు బండ అడుగున కాటా గానీ, శబ్ద తరంగాలతో మట్టం కొలిచే సెన్సర్ గానీ పెట్టుకుంటారు. వాళ్లు కొలిచేది కూడా బరువునో, మట్టాన్నో.

ఎన్ని పూటలు వస్తుంది?

మామూలు ఇంటి బర్నర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 150 గ్రాములు తాగుతుంది. రెండు బర్నర్లు రోజుకు 4 గంటలు మండితే 1.2 కిలోలు. పైన చెప్పిన 4.2 కిలోలు మూడున్నర రోజులు వస్తాయి. వంటవాళ్ల పెద్ద పొయ్యికి ఇంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. దానికి ఒకటే మార్గం: ఒక రోజు వంటకు ముందు, తర్వాత బండను తూచండి. ఆ తేడాయే మీ రోజు ఖర్చు. దాన్ని రోజులతో గుణించి, ఇంకో రోజుకు సరిపడా అదనంగా కలుపుకోండి.

పడుకోబెట్టొద్దు, వేడినీళ్లలో పెట్టొద్దు

బండను పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఆ ద్రవం బయటికి రాగానే సుమారు 250 రెట్లు ఉబ్బి ఆవిరవుతుంది. మంట అందుకే అంత ఎత్తుకు లేస్తుంది. చివరి బొట్టు కోసం బండను మరిగే నీళ్లలో పెట్టడం, పొయ్యి పక్కకు జరపడం కూడా ప్రమాదమే. ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాస్ ఎక్కించడం నేరం కూడా.

బండిలో తీసుకెళ్లేటప్పుడు

ఈ గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, బండి అడుగున చేరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. అందుకే మనుషులు కూర్చునే చోట బండ ఉండకూడదు. నిలువుగా నిలబెట్టి తాడుతో కట్టాలి. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ తీసి మూత బిగించాలి. వంట బండిలో కాకుండా దించుకుని, గాలి ఆడే చోట చేయాలి. లీకు ఉందో లేదో సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా సాగేది నడకదారి. వంట బండి అక్కడికి రాదు. ఆ ఎండు అడవిలో నిప్పు మాటే ఎత్తకుండా, వండిన తిండే చేత పట్టుకోండి.

రైల్లో మాత్రం బండను ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించకండి. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో నిలిపి ఉంచిన యాత్రికుల ప్రత్యేక బోగీలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. వాళ్లు లక్నో నుంచి బయలుదేరిన యాత్రికులు. రహస్యంగా తెచ్చుకున్న గ్యాస్ బండే కారణమని రైల్వే చెప్పింది. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద దీనికి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. టీ నీళ్లు స్టేషన్‌లో దొరుకుతాయి, పోయిన మనుషులు దొరకరు.

గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. యాత్రకు చిన్న బండ చాలనుకుంటే 5 కిలోల ఛోటూ గుర్తింపు కార్డు చూపితే దొరుకుతుంది.

మా క్యాంపులో ఇప్పుడు యాత్ర సామాన్ల జాబితాలో బియ్యం, పప్పు పక్కనే ఇంకో వరుస ఉంటుంది: బండ తూకం ఎంత, తూచింది ఎవరు. ఆ వరుస నింపకుండా బండి కదలదు. మీ జాబితాలోనూ ఈ వరుస రాసుకోండి.