కరెంటు వైద్యం: నొప్పికి ఏం చేస్తుంది, ఏం చేయలేదు

"సిస్టర్, మా అమ్మకు కరెంటు పెట్టిస్తే నడుం నొప్పి పోతుందా?" రోగుల వెంట వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మిర్చి ఏరడం, పత్తి తీయడం, నాట్లు వేయడం వంటి పనులకు రోజంతా వంగి ఉండే మన డోర్నకల్ ప్రాంతంలో నడుం నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ల నొప్పి లేని ఇల్లు అరుదు. 2006లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు, జ్వరం తగ్గిన తరువాత కూడా చాలామందిని కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలలేదు. ఇలాంటి నొప్పులకు డాక్టరుగారు మందులతో పాటు ఫిజియోథెరపీ రాస్తారు. అందులో ఒక భాగమే మనం కరెంటు వైద్యం అని పిలుచుకునేది.

ఈ వైద్యం పేరు వినగానే కొందరు భయపడి రోగిని ఇంటికి తీసుకుపోతారు. మరికొందరు పది సిట్టింగులు అయితే జబ్బే పోతుందని నమ్మి, మందులు, వ్యాయామాలు మానేస్తారు. రెండూ నష్టమే. కనుక దీని గురించి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు ఇక్కడ వివరిస్తున్నాము.

కరెంటు అని దేన్ని అంటున్నాం?

ఫిజియోథెరపీ గదిలో వైరు ఉన్న ప్రతి మిషనునూ మనవాళ్లు కరెంటు అనే అంటారు. కాని అవన్నీ ఒకటి కావు.

• టెన్స్: చర్మం మీద ప్యాడ్లు అంటించి నరాలకు సన్నని కరెంటు పంపే చిన్న మిషను. ముఖ్యంగా నొప్పి తగ్గించడానికి వాడతారు.
• ఐ.ఎఫ్.టి.: నాలుగు ప్యాడ్లతో రెండు రకాల కరెంటును శరీరం లోపల ఒకదాన్నొకటి దాటేలా పంపుతారు. నడుము, మోకాలు వంటి చోట్ల పెడతారు.
• కండరాలను కదిలించే కరెంటు: ఇది పెట్టినప్పుడు కండరం దానంతటదే బిగిసి వదులుతుంది. సిమెంటు కట్టు విప్పాక సన్నబడిన తొడ కండరం వంటి వాటికి వాడతారు.
• డయాథెర్మీ, అల్ట్రాసౌండ్: మొదటిది లోపలి భాగాలకు వేడినిచ్చేది, రెండవది శబ్ద తరంగాలతో పనిచేసేది. వీటిలో రోగి ఒంట్లోకి టెన్స్‌లాగా కరెంటు పంపరు. వీటి జాగ్రత్తలు వేరు.

అందుకే "కరెంటు పెట్టారు" అని మాత్రమే గుర్తుపెట్టుకోకండి. ఏ చికిత్స ఇచ్చారో చీటీ మీద రాయించుకోండి. తరువాత వేరే ఆసుపత్రికి వెళితే అది పనికివస్తుంది.

షాక్ కొడుతుందా?

మన ఇంటి కరెంటు 230 వోల్టులు. చిన్న టెన్స్ మిషను సాధారణంగా చిన్న బ్యాటరీతో నడుస్తుంది. అది కరెంటును చాలా చిన్న చిన్న తునకలుగా పంపుతుంది. ఒక్కో తునక సెకనులో పదివేల వంతుల్లో ఒకటి రెండు వంతులు మాత్రమే ఉంటుంది. రోగికి చీమలు పాకినట్టు, తిమ్మిరి పట్టినట్టు ఉంటుంది. నొప్పిగాని, మంటగాని ఉండకూడదు. ఉంటే వెంటనే చెప్పాలి. "ఎంత గట్టిగా పెడితే అంత మంచిది" అని ఓర్చుకోవడం తప్పు.

నొప్పి ఎలా తగ్గుతుంది?

పిల్లవాడి తలకు గడప తగిలితే తల్లి వెంటనే అక్కడ రుద్దుతుంది. నొప్పి కొంచెం తగ్గుతుంది. దీనికి కారణం ఉంది. స్పర్శను మోసే నరాలు లావుగా ఉండి వేగంగా కబురు పంపుతాయి. నిదానంగా సలిపే నొప్పిని మోసే నరాలు సన్ననివి, వాటి కబురు సెకనుకు ఒకటి రెండు మీటర్లు మాత్రమే నడుస్తుంది. రెండు కబుర్లూ వెన్నుపాము దగ్గర కలుస్తాయి. మన డోర్నకల్ జంక్షన్ వారికి రైలు గేటు తెలిసిందే. రైలు వచ్చే వేళకు గేటు పడుతుంది, ఎడ్లబండ్లు ఆగుతాయి. అలాగే స్పర్శ కబురు జోరుగా వస్తుంటే వెన్నుపాములో నొప్పి కబురుకు గేటు పడుతుంది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ఈ వివరణ ఇచ్చారు. ఆ తరువాతే టెన్స్ మిషన్లు వాడుకలోకి వచ్చాయి. సెకనుకు రెండు నుండి నాలుగు సార్లు మాత్రమే తగిలేలా నిదానంగా పెట్టే పద్ధతి కూడా ఉంది. దానితో మెదడు, వెన్నుపాములలో ఎండార్ఫిన్లు అనే సహజమైన నొప్పి నివారకాలు విడుదలవుతాయి.

నొప్పికి కరెంటు వాడడం కొత్త ఆలోచన కాదు. రెండువేల ఏళ్ల క్రితమే రోమ్ దేశపు వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, కరెంటు పుట్టించే టార్పెడో చేపను తలనొప్పికి, కాళ్ల వాతపు నొప్పికి వాడమని రాశాడు.

ఎంతవరకు మేలు చేస్తుంది?

ఇక్కడ నిజం నిజంగానే చెప్పాలి. రైలు వెళ్లిపోతే గేటు మళ్లీ తెరుచుకుంటుంది. టెన్స్ కూడా పెట్టినంతసేపు, ఆ తరువాత కొంతసేపు నొప్పిని తగ్గిస్తుంది. 2022లో 381 పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షలో, ఉత్తుత్తి మిషను పెట్టినవారికంటే నిజంగా టెన్స్ పెట్టినవారికి ఆ సమయంలో నొప్పి తక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే బ్రిటన్ ప్రభుత్వానికి వైద్య సలహాలిచ్చే నైస్ అనే సంస్థ, నడుం నొప్పికి టెన్స్ ఇవ్వవద్దని 2016లో సలహా ఇచ్చింది. దీర్ఘకాలం బాధించే నొప్పులు తగ్గుతాయనే రుజువు చాలడం లేదన్నది వారి అభిప్రాయం.

ఈ రెండింటినీ కలిపి చూస్తే మనకు అర్థమయ్యేది ఇది. కరెంటు నొప్పిని కొంతసేపు అణచగలదు. అరిగిన మోకాలి చిప్పను, జారిన డిస్కును, ఫ్లోరైడు నీటి వల్ల బిగుసుకున్న ఎముకలను అది బాగుచేయలేదు. నొప్పి తగ్గిన ఆ గంటలో రోగి లేచి నడిస్తే, నేర్పిన వ్యాయామాలు చేస్తే కండరాలకు బలం వస్తుంది. అసలు మేలు అక్కడ ఉంది. కరెంటు పెట్టించుకుని వచ్చి మంచం మీద పడుకుంటే ఆ రోజు ఖర్చు వృథా.

కరెంటు కోసం ఆగకూడని నొప్పులు

కొన్ని జబ్బులు కూడా నరాల నొప్పిలాగే, కండరాల పట్టులాగే కనిపిస్తాయి. వాటిని కరెంటుతో సరిపెడితే విలువైన సమయం పోతుంది. ఈ కింది గుర్తులు కనబడితే నేరుగా డాక్టరుగారి దగ్గరకు తీసుకురండి.

• ఒక్కసారిగా మూతి వంకరపోవడం, ఒక పక్క చేయి పడిపోవడం, మాట తడబడడం. ఇది పక్షవాతం కావచ్చు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఆ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి 108 అంబులెన్సులో వెంటనే వెళ్లాలి.
• చేయి, కాలు బాగానే ఉండి ముఖం ఒక పక్క మొత్తం, నుదురుతో సహా కదలకపోవడం. ఇది ముఖ నరం వాపు కావచ్చు. మొదటి మూడు రోజులలో మొదలుపెట్టే మాత్రలే దీనికి ముఖ్యం. కన్ను మూతపడదు కనుక చుక్కల మందు వేసి, రాత్రి కంటి మీద కట్టు కట్టాలి. కరెంటు సంగతి తరువాత.
• ఎడమ భుజం, దవడ లాగుతూ చెమటలు పట్టడం, ఆయాసం. గుండెపోటు కావచ్చు. ఇ.సి.జి. తీయించాలి.
• నడుం నొప్పితో పాటు మూత్రం, విరేచనం తెలియకపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, పాదం పైకి ఎత్తలేకపోవడం. నరాలు నొక్కుకుపోయాయి. ఆలస్యమైతే మళ్లీ బాగుకావు.
• సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో కూడా తగ్గని వెన్ను నొప్పి. వెన్నెముక టి.బి.గాని, గడ్డగాని ఉండవచ్చు.
• ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అక్కడ కరెంటు, మసాజు రెండూ పనికిరావు.

ఎవరికి పెట్టకూడదు?

• గుండెకు పేస్‌మేకరు గాని, అలాంటి ఇతర మిషను గాని అమర్చినవారికి.
• గర్భిణీ స్త్రీలకు పొట్ట మీద, నడుము మీద.
• గొంతు ముందు భాగంలో, కళ్ల మీద, గుండె మీదుగా పోయేటట్టు రొమ్ము మీద.
• పుండు, చీము, దద్దుర్లు ఉన్న చోట, క్యాన్సరు గడ్డ ఉన్న చోట.
• ఫిట్స్ వచ్చేవారికి డాక్టరుగారిని అడగకుండా.
• ఎముకలో రాడ్డు, ప్లేటు వేసినవారికి డయాథెర్మీ అసలు పెట్టకూడదు. ఆపరేషను సంగతి ముందే చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, స్పర్శ లేని చోట కరెంటు పెట్టకూడదు. చురుక్కుమన్నది రోగి చెప్పగలిగితేనే మిషను తగ్గిస్తారు. స్పర్శ లేనివారు ఏమీ తెలియడం లేదని ఇంకా పెంచమంటారు. ప్యాడు ఆరిపోయి ఉంటే చర్మం కాలిపోయినా వారికి తెలియదు. ఏళ్లుగా షుగరు ఉన్నవారి పాదాలు ఇలాగే మొద్దుబారతాయి. ఆ పుండు మానడం ఎంత కష్టమో షుగరు ఉన్న ఇంటివారికి తెలుసు.

స్పర్శ పోవడానికి ఇంకో కారణం కుష్ఠు. తిమ్మిరి, నరాల నొప్పి అని వచ్చినవారి ఒంటి మీద స్పర్శ లేని, పాలిపోయిన మచ్చ ఉంటే దాచకండి. దీనికి మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. నెలల చికిత్సతో నయమవుతుంది. తొందరగా మొదలుపెడితే చేతులు, కాళ్లు వంకరపోవు. సిగ్గుపడి దాచి, కరెంటు పెట్టించుకుంటూ తిరిగితే ఆ నెలల్లో నరాలు పాడవుతాయి.

చికిత్స రోజున ఇంటివారు చేయవలసినవి

1. షుగరు, ఫిట్స్, గుండె జబ్బు, గర్భం, పాత ఆపరేషన్లు, స్పర్శ లేకపోవడం గురించి ముందే చెప్పండి. పెద్దవారు మరచిపోతారు, మీరు గుర్తుచేయండి.
2. చికిత్స ఇచ్చే చోట నూనె, బామ్ రాయవద్దు. సబ్బుతో కడిగి తుడవండి.
3. ఆ దగ్గరలో ఉన్న వెండి మొలతాడు, కడియం, తాయెత్తు తీసివేయండి.
4. దూదితో, గుండుసూది మొనతో స్పర్శ పరీక్షించేటప్పుడు రోగిని కళ్లు మూసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి. మీరు అందించవద్దు.
5. సాధారణంగా 20 నుండి 30 నిమిషాలు పెడతారు. మిషను బటన్లు మీరు తిప్పవద్దు. మంట అంటే పిలవండి.
6. అయ్యాక చర్మం చూడండి. కొంచెం ఎరుపు త్వరగా పోతుంది. బొబ్బ వస్తే చూపించండి.

ఇంటికి చిన్న మిషను కొనుక్కుంటే

ముందు ఆసుపత్రిలో ఒకటి రెండు సార్లు పెట్టించి, మేలు కనిపిస్తేనే కొనండి. ప్యాడ్లు ఎక్కడ అంటించాలో ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, ఆ చోటు పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. బటన్ సున్నా మీద ఉన్నప్పుడే ప్యాడ్లు అంటించాలి, తీయాలి. తడి చేతులతో ముట్టుకోవద్దు. నిద్రపోయేటప్పుడు, బండి నడిపేటప్పుడు పెట్టుకోవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు. జిగురు పోయిన ప్యాడ్లు మార్చండి. ఇంటి ప్లగ్గు నుండి వైరు లాగి ఎవరైనా తయారుచేసిన మిషను ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. అది ప్రాణాలు తీస్తుంది.

అన్ని రోగాలు పోతాయని చెప్పి అమ్మే బెల్టులకు, చెప్పులకు అప్పు చేయకండి. ఆ డబ్బు షుగరు మాత్రలకు, పాలకు, గుడ్లకు పెడితే మేలు.

నొప్పి తగ్గిన గంటలో

కరెంటు అయిన రోజున ఇంటికి వెళ్లాక రోగిని పదిహేను నిమిషాలు నడిపించండి. నేర్పిన వ్యాయామాలు పక్కన కూర్చుని లెక్కపెడుతూ చేయించండి. చేనులో వంగి చేసే పని అరగంటకోసారి ఆపి, నడుం నిలబెట్టుకోమనండి. బిందె ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచమనండి. అయిదారు సిట్టింగులైనా ఏ మార్పూ లేకపోతే అదే కొనసాగించకుండా మళ్లీ డాక్టరుగారికి చూపించండి. రోగికి నొప్పి ఎంత ఉందో, ఈ వారం ఎంత దూరం నడవగలిగారో ఒక కాగితం మీద రాసుకుని రండి. ఆ కాగితం చూసి చికిత్స మార్చాలో, కొనసాగించాలో డాక్టరుగారు చెబుతారు.