కంట్లో నలకే కదా అనుకోకండి!

తాండూరు అనగానే నున్నటి నాపరాళ్ళు, కమ్మటి కందిపప్పు గుర్తుకొస్తాయి. ఆ పప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే బండలు కోసి నునుపు చేసేవారికీ, వికారాబాదు, తాండూరు చేలలో కంది కోసేవారికీ పని వెంటే ఒక ప్రమాదం ఉంటుంది. ఎగిరిపడిన రాతి పెళుసు, ఎండిన కంది పుల్ల, నూర్పిడి పొట్టు, వీటిలో ఏదైనా కంటికి తగలవచ్చు.

చూపు మందగించడానికి కారణాలు అనేకం. నలభై దాటాక అక్షరాలను దూరంగా పట్టుకుని చదవవలసి వస్తే అది చత్వారం. కళ్ళజోడుతో సరిపోతుంది. పెద్ద వయసులో అంతా పొగమంచులా కనిపిస్తే అది చాలావరకు శుక్లం. ఆపరేషన్ చేసి కృత్రిమ కటకం అమరుస్తారు. దానికి చలికాలం దాకా ఆగనక్కరలేదు. నీటికాసులు మాత్రం చాలామందిలో నొప్పి లేకుండానే కంటి నరాన్ని దెబ్బతీస్తాయి. అలా పోయిన చూపు తిరిగి రాదు. అందుకే నలభై దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నవారు, కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి.

ఇవి సాధారణంగా నెమ్మదిగా ముదిరేవి. నలక సంగతి అలా కాదు. నల్లగుడ్డుకు ముందు గడియారం అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. దానిమీద గీత పడితే సూక్ష్మజీవులు, బూజు చేరి కొద్ది రోజుల్లోనే పుండు కావచ్చు. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. దానినే మనవాళ్ళు ‘పువ్వు’ అంటారు. అది కంటిపాపకు అడ్డంగా ముదిరితే మామూలు కళ్ళజోడు పనిచేయదు. నేత్రదానంలో లభించిన పొరను అమర్చవలసి రావచ్చు.

మరి నలక పడితే ఏం చేయాలి? మొదట, కన్ను నలపకండి. శుభ్రమైన నీటితో ధారగా కడగండి. అప్పటికీ పోకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మత్తు చుక్కలు వేసి నొప్పి తెలియకుండా తీసేస్తారు. చీర చెంగుతోనో, అగ్గిపుల్లతోనో, నాలుకతోనో తీయించకండి. ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయకండి. మందుల దుకాణంలో అడిగి చుక్కలు కొనకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది గాని, బూజు పుండు లోలోపల ముదురుతుంది.

ఉలిమీద సుత్తి దెబ్బకు ఎగిరిన ఇనుప రజను కంటి లోపలికే దూసుకుపోవచ్చు. నొప్పి తక్కువగా ఉన్నా అది పెద్ద ప్రమాదమే. అప్పుడు కడగవద్దు, కన్ను నొక్కవద్దు. కంటికి ఆనకుండా కాగితం కప్పు అడ్డుపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

2018 ఆగస్టు 15న, మళ్ళీ 2023 జనవరి 18న మొదలైన ‘కంటి వెలుగు’ శిబిరాలలో ఎందరో కళ్ళజోళ్ళు పొందారు. శిబిరాలు మంచివే. కాని కంటి గాయం శిబిరం వచ్చేదాకా ఆగదు. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. వికారాబాదు, తాండూరుల నుంచి హైదరాబాదుకు రైలు ఉంది. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

అన్నిటికంటే సులువైనది ముందు జాగ్రత్త. రాయి కోసేటప్పుడు, నూర్పిడి చేసేటప్పుడు పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోండి. చెమట పడుతుందని తీసి జేబులో వేసుకుంటే, అవి జేబును కాపాడతాయే గాని కంటిని కాదు!