ఫ్లూ నివారణకు ఫోను సాయము

ఎవరికి ఫోను చేసినను ముందుగా ఒక దగ్గు వినబడిన 2020 మార్చి నెలను శ్రోతలు మరచి యుండరు. కరోనాను గూర్చి ప్రభుత్వము వినిపించిన హెచ్చరిక అది. కొన్నాళ్లకు విసుగు పుట్టించిన మాట నిజమే. కాని చేతిలోని ఫోను ఆరోగ్య ప్రబోధమునకు పనికివచ్చునని ఊరూరికి తెలిసినది. మరుసటి ఏప్రిల్‌లో, ఫిల్మ్ నగరునకు జీవమైన తెలుగు చిత్రపరిశ్రమలో మరొక అడుగు పడినది. చిరంజీవిగారి ఆధ్వర్యవమున నడచిన కరోనా సహాయ సంస్థ, అపోలో 24/7 అను ఫోను వైద్యసేవవారితో కలసి, 45 ఏండ్లు దాటిన సినీ కార్మికులకు ఉచితముగా టీకాలు వేయింపబూనినది.

ఫ్లూ విషయమున ఇట్టి శ్రద్ధ మనలో ఇంకను కానరాదు. పడిశమే కదా యని త్రోసివేయుదుము. హృద్రోగము, మధుమేహము, ఉబ్బసము గలవారికిని, వృద్ధులకును, గర్భిణులకును అది ప్రాణాంతకము కావచ్చును. ఎనిమిది దేశములలో సుమారు 2,500 మంది రోగులపై, వారిలో అత్యధికులు గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారు, జరిపిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. ఆసుపత్రిలోనే ఫ్లూ టీకా పొందినవారిలో ఏడాదిలోపల మరణించినవారు నూటికి 2.9, మందులేని సూది పొందినవారిలో 4.9. కావున టీకా మాట చెప్పవలసిన తావు ఆసుపత్రియే యని మా అభిప్రాయము.

అయితే వార్డులో విన్న మాట ఇల్లు చేరునప్పటికి మరపున పడును. ఫోను అక్కరకు వచ్చునది ఇక్కడనే. డెన్మార్కు దేశమున 2022లో 65 ఏండ్లు పైబడిన 9,64,870 మందిపై ఒక పరీక్ష జరిపిరి. ప్రభుత్వపు ఎలక్ట్రానిక్ తపాలా ద్వారా కొందరికి తొమ్మిది విధముల లేఖలు పంపిరి, తక్కినవారికి పంపలేదు. వానిలో స్పష్టముగా ఫలించినవి రెండే: టీకా గుండెకును మేలుచేయునని కారణము చెప్పినది ఒకటి, పదునాలుగు దినములకు మరల పంపినది మరొకటి. మొదటిదానివలన వేయిమందిలో సుమారు తొమ్మిదిమంది అదనముగా టీకా వేయించుకొనిరి. స్వల్పమే, కాని అందుకైన వ్యయమును స్వల్పమే.

అచ్చట వృద్ధులకు ఈ టీకా ఉచితము. మనలో పెక్కుమంది కొనవలసినదే. ఎంత చక్కని సందేశమైనను వెలను తగ్గింపజాలదు. ఐనను ఆసుపత్రులవారు చేయదగినది కలదు. సందేశము తెలుగున ఉండవలెను. చదువరాని వారికి మాటలలో వినిపింపవలెను. వైరసు ఏటేట మారుచుండుటచే టీకాను ఏటేట వేయించుకొనవలెను. అది పనిచేయుటకు రెండు వారములు పట్టును. మనకు ఫ్లూ వానలతో విజృంభించును గనుక సందేశము వేసవిలోనే అందవలెను. తెలియని నంబరునుండి వచ్చినదానిని మోసమని శంకించు రోజులివి. కనుక ఇంటికి పంపుచు డిశ్చార్జి చీటీ ఇచ్చునప్పుడే, ఏ నంబరునుండి కబురు వచ్చునో రోగికిని, వెంటనున్న బంధువునకును చెప్పి యుంచవలెను.